315వ స్థానంలో ఏం జరిగింది?

"మొదట్లో బాగానే పనిచేసిందండీ, ఇప్పుడు మందుకి లొంగట్లేదు." క్యాన్సర్ వార్డు బయట కూర్చున్న బంధువుల నోట తరచూ వినిపించే మాట ఇది. మందు కల్తీదేమో, డోసు చాలలేదేమో అని టెన్షన్ పడతారు. మాత్రలు మధ్యలో మానేయడమూ ఒక కారణమే. కానీ క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్లలోనూ ఇలా జరుగుతుంది. తేడా వచ్చేది క్యాన్సర్ కణంలో. అదెంత చిన్న తేడానో చూడాలి.

సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌నే తీసుకోండి. 9, 22 క్రోమోజోముల ముక్కలు అటుది ఇటు అతుక్కోవడంతో ఒక ఎంజైమ్ పుట్టి, తెల్ల రక్తకణాలను అదుపు లేకుండా పెంచేస్తుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ అనే మందు, ఆ ఎంజైమ్‌లోని ఒక గుంటలో కూర్చుని దాని పని ఆపేస్తుంది. అక్కడ దానికి ఊతమిచ్చేవాటిలో ఒకటి, ఎంజైమ్ గొలుసులో 315వ స్థానంలోని థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లంతో కుదిరే హైడ్రోజన్ బంధం. కొందరిలో ఆ థ్రియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వస్తుంది. బంధానికి కావాల్సిన హైడ్రాక్సిల్ గ్రూపు (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) దానికి లేదు, పైగా లావుగా ఉండి దారికి అడ్డం పడుతుంది. తర్వాత వచ్చిన డాసాటినిబ్, నిలోటినిబ్ కూడా ఇక్కడే చేతులెత్తేశాయి.

2012లో వచ్చిన పోనాటినిబ్ తయారీలో నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. అణువు మధ్యలో కార్బన్-కార్బన్ త్రిబంధం పెట్టారు. త్రిబంధం ఉన్నచోట అణువు సూదిలా సన్నగా, నిటారుగా ఉంటుంది కాబట్టి ఐసోల్యూసిన్ పక్కనుంచి లోపలికి దూరిపోతుంది. అయితే కొందరి రక్తనాళాల్లో గడ్డలు కట్టడంతో 2013లో అమెరికాలో కొంతకాలం అమ్మకాలే ఆపాల్సి వచ్చింది. 2021లో వచ్చిన అసిమినిబ్ అయితే ఆ గుంట జోలికే పోదు. ఎంజైమ్‌లో దూరంగా ఉన్న మరో గుంటను పట్టుకుంటుంది.

ఇలాంటి మ్యుటేషన్ (జన్యువులో మార్పు) వచ్చాక మందు వెతకడం, దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టే. రెండు గుంటలనూ మొదటినుంచే మూసేయాలన్నది నా అభిప్రాయం. ఒకే కణంలో రెండు చోట్లా మార్పు రావడం చాలా అరుదు. 2017లో వెలువడిన ఎలుకల ప్రయోగంలో అసిమినిబ్, నిలోటినిబ్ కలిపి ఇస్తే, మందులు ఆపాక కూడా జబ్బు తిరగబెట్టలేదు. మనుషుల్లో దుష్ప్రభావాలు తోడవుతాయి, నిజమే. అయినా పరిశోధన డబ్బు పెట్టాల్సిన దారి ఇదే.

ఈ విషయంలో హైదరాబాద్‌కు బాధ్యత ఉంది. ఇమాటినిబ్ పేటెంట్‌పై, దాన్ని తెచ్చిన నోవార్టిస్ కంపెనీతో పోరాడినవాళ్లలో ఇక్కడి మందుల కంపెనీ నాట్కో ఒకటి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలును కొట్టేసింది. చవకగా తయారుచేయడం మనకు వచ్చు. కొత్త అణువును గీసే పని కూడా ఇక్కడ పెరగాలి. ఈలోగా జరగాల్సింది ఇంకొకటుంది: ఇమాటినిబ్‌కు లొంగని ప్రతి రోగికీ మ్యుటేషన్ పరీక్ష ఉచితంగా అందాలి. 315లో మార్పు ఉందని తెలియక డాసాటినిబ్‌కు మారిస్తే, ఆ రోగికి పోయేది డబ్బు ఒక్కటే కాదు, విలువైన నెలలు.