బుష్ మారిస్తే ఎవరు చూస్తారు?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలకు పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉండి ఉండదు. ఉంటే మూడో ముక్క కూడా చేర్చి పోయేవాళ్ళు. పాతికేళ్ళ వయసున్న బండికి సస్పెన్షన్, టైర్లు మార్పించిన అనుభవంతో ఆ లోటు నేను భర్తీ చేయదలచాను. దీన్ని ఎవరూ వేళాకోళం అనుకోవద్దు. నా బ్యాంకు ఖాతా సాక్షిగా, చాలా బాధ్యతతో రాస్తున్నాను.

మొదట్లో సమస్య చిన్నదే. గుంతలో పడినప్పుడల్లా బండి కింద టకటకమనేది. స్టీరింగ్ కొంచెం పక్కకు లాగేది. మెకానిక్ వెల్లకిలా పడుకుని కిందికి దూరి, టార్చి వేసి చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు. "బుష్‌లు పోయాయి సార్. రబ్బరంతా పగిలిపోయింది. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ ఒకటి లూజు. వెనక కమాన్లు, అదే పట్టీల స్ప్రింగులు, దిగిపోయాయి. ఇవి మార్చుకోండి, చాలు. బండి కొత్తప్పుడు ఎలా నడిచిందో అలా నడుస్తుంది."

నేను ఆయన్ని జాలిగా చూశాను. బుష్ అంటే ఏమిటి? పిడికిట్లో పట్టే రబ్బరు ముక్క. ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా మధ్యలో కూర్చుని రెండు వైపుల దెబ్బలూ తినే అభాగ్యురాలు. ఏళ్ళు గడిస్తే ఎండి, బీటలు వారి, యాక్సిల్‌ను బండికి పట్టి ఉంచే ఆర్ములను వాటి చోట ఉండనివ్వదు. దాన్ని మారిస్తే బండి బాగుపడుతుంది. కాదనను. కానీ ఎవరు చూస్తారు? బుష్ మార్పించి, బండి పక్కన చేతులు కట్టుకుని ఫొటో దిగిన మనిషి మీకెక్కడైనా తగిలాడా? "ఏం బుష్ వేయించారు గురూ?" అని సిగ్నల్ దగ్గర అద్దం దించి అడిగిన వాడున్నాడా? అదే పొడుగు స్ప్రింగులు వేసి బండిని లేపితే, అంటే లిఫ్ట్ చేయిస్తే, వీధంతా తలెత్తి చూడాల్సిందే. వాళ్ళకు వేరే దారి ఉండదు, ఎత్తులో ఉంటాం కనక.

రోజూ తిరిగే పాత బండిని రెండంగుళాలకు మించి లేపొద్దని తెలిసినవాళ్ళంతా అంటారు. రెండు నాకు అవమానంగా తోచింది. నాలుగు అన్నాను.

స్ప్రింగులు అమ్మే ఆయన కొన్ని ప్రశ్నలు వేశాడు. ముందు ఇనుప బంపర్ ఉందా, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించ్ ఉందా, వెనక ఎప్పుడూ మూడొందల కిలోల బరువు మోస్తారా అని. స్ప్రింగును బరువు చూసి ఎంచుకోవాలట. నిజాయితీగా చెప్పాలంటే నా బండిలో ఉండే బరువు నేను, ఒక నీళ్ళ సీసా, ఒక గొడుగు. కానీ ఆ మాట పైకి ఎలా అనడం? "ఎక్స్‌పెడిషన్లకు వెళ్తుంటాం" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అన్నిటికంటే గట్టివి ఇచ్చాడు, ముందుకు కాయిల్స్, వెనక్కి కమాన్ కట్టలు.

మూడొందల కిలోలు మోయడానికి పుట్టిన స్ప్రింగు మీద గొడుగు పెడితే అది కదలదు. బండి బల్లచెక్క అయిపోయింది. రోడ్డు మీద నాణెం మీదుగా పోతే బొమ్మ పైకి ఉందో బొరుసు పైకి ఉందో నా వెన్నెముక చెప్పగలిగేది. దీనికి మందు ఒక్కటే, స్ప్రింగుకు తగ్గ బరువు తెచ్చి పెట్టడం. ఇనుప బంపర్ పెట్టించాను. బంపర్ ఉంది కదా అని వించ్. పైన రాక్. రాక్ ఖాళీగా ఉంటే బాగుండదని రెండు నీళ్ళ డబ్బాలు, ఒక పార. అప్పుడు బండి మెత్తబడింది. ఆ బరువుకు ఒక అంగుళం దిగింది కూడా. దిగితే ఏం చేయాలి? ఇంకా గట్టి స్ప్రింగులు వేయాలి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును, ఆవును చూసుకోవడానికి ఆలిని తెచ్చుకున్న సన్యాసి కథ మనకు తెలుసు. కౌపీన సంరక్షణార్థం అయం పటాటోపః. పాపం ఆయన సంసారం దగ్గర ఆగాడు. నాకింకా షాకబ్జర్లు, టైర్లు మిగిలే ఉన్నాయి.

షాకబ్జర్ గురించి లోకంలో ఒక భ్రమ ఉంది, అది బండిని మోస్తుందని. మోయదు. మోసేది స్ప్రింగు. గుంత దాటాక ఆ స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా పట్టి ఆపేది షాకబ్జర్. ఆ ఊపునంతా లోపలి నూనెలో వేడిగా మారుస్తుంది. అలలు అలలుగా లేచిన మట్టి రోడ్డు మీద ఆగకుండా గంటలు గంటలు తోలితే నూనె కాగి, నురగెత్తి, పట్టు వదిలేస్తుంది. అందుకని లోపల నైట్రోజన్ గ్యాసు నింపినవి, పక్కన నూనెకు వేరే డబ్బా తగిలించినవి చేస్తారు. నేను డబ్బా ఉన్నవే కొన్నాను. నేను రోజూ చేసే ఎక్స్‌పెడిషన్ ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు, పదకొండు స్పీడ్ బ్రేకర్లు. ఆ డబ్బాలో నూనె ఇంతవరకూ గోరువెచ్చన కూడా అయి ఉండదు.

ఇక జ్యామితి. బండి పైకి లేచినప్పుడు ముందు యాక్సిల్‌ను పట్టుకున్న ఆర్ములు కిందికి వాలి, యాక్సిల్‌ను కొంచెం తిప్పేస్తాయి. దాంతో కాస్టర్, అంటే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, పోతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిన్నబడేది ఆ కాస్టర్ వల్లే. అది పోయాక నా బండి మలుపు తిరిగి, అక్కడే ఉండిపోయి, ఆలోచించుకోవడం మొదలుపెట్టింది. ఆర్ములను కిందికి దించే బ్రాకెట్లు వేయించాను. యాక్సిల్‌ను అటూ ఇటూ జరగనివ్వని పాన్‌హార్డ్ రాడ్ కోణం మారి ముందు యాక్సిల్ ఒక పక్కకు జరిగింది. పొడవు సరిచేసుకునే రాడ్ తెప్పించాను. వెనక చక్రాలకు ఇంజన్ తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు పెరిగి జాయింట్ క్రాసులు వణకసాగాయి. బ్రేకు గొట్టాలు వీణ తీగల్లా బిగుసుకున్నాయి. హెడ్‌లైట్లు నక్షత్రాలను చూడటం మొదలుపెట్టాయి. ఎదురొచ్చేవాళ్ళు ఏమన్నారో ఇక్కడ రాయలేను.

అన్నిటికంటే నన్ను నొప్పించింది వెనక బ్రేకుల వాల్వు. కొన్ని పాత బండ్లలో అది బాడీకీ యాక్సిల్‌కీ మధ్య దూరాన్ని బట్టి బండిలో ఎంత బరువుందో అంచనా వేసి, దానికి తగ్గట్టు వెనక బ్రేకుకు ఒత్తిడి పంపుతుంది. లిఫ్ట్ వేశాక ఆ దూరం పెరిగింది కదా, బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకును తగ్గించేసింది. మూడొందల కిలోల ఇనుము, పైన నేను, అయినా లోపల ఏమీ లేదని దాని నమ్మకం. నా గురించి అంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇంత చేశాక తెలిసిన సంగతి ఇంకొకటి. కొండదారిలో రాయికి ముందు తగిలేది యాక్సిల్ మధ్యలో ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్. అది చక్రాలతోపాటే ఉంటుంది. స్ప్రింగులతో బాడీని ఎంత లేపినా అది ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. బండికి వాలు ఎక్కేటప్పుడు మూతి తగలదు, మిట్ట దాటేటప్పుడు పొట్ట తగలదు, అంతవరకు లాభమే. డిఫరెన్షియల్‌ను లేపేది మాత్రం టైరొక్కటే. అదీ పెరిగిన ఎత్తులో సగమే.

నా పాత టైర్లు 235/75 ఆర్ 15. అంటే 73 సెంటీమీటర్ల ఎత్తు. వాటి స్థానంలో 33 అంగుళాలవి తెచ్చాను, దాదాపు 84. పది సెంటీమీటర్ల గర్వంలో డిఫరెన్షియల్‌కు దక్కింది అయిదు. టైర్లలో రోడ్డువి, అన్ని దారులకూ పనికొచ్చేవి, బురదవి అని మూడు రకాలు. నేను బురదవే తీసుకున్నాను, బురద ఎక్కడుందో తర్వాత వెతుక్కోవచ్చని. తడిసిన తారు రోడ్డు మీద వాటి పెద్ద పెద్ద గడ్డలకు పట్టు తక్కువ. మోత మాత్రం విమానం దిగుతున్నట్టు ఉంటుంది. అందులో ఒక మేలు కూడా ఉంది. కింద టకటక ఇప్పుడు వినపడటం లేదు.

1941 నుంచి తయారైన విల్లీస్ ఎంబీ జీపుకు వేసిన టైర్లు 6.00-16. ఆరంగుళాల వెడల్పు. ఆ సన్నటి టైర్ల మీద, లిఫ్ట్ అన్న మాట లేకుండా, రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా తిరిగింది. వాళ్ళకే నా కిట్ దొరికి ఉంటే అలైన్‌మెంట్ అయ్యేదాకా ఎవరూ యుద్ధానికి బయల్దేరేవాళ్ళు కాదు. ప్రపంచానికి ఎంత మేలు జరిగేది!

కొత్త టైర్లు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకు రాసుకున్నాయి. కోయించాను. స్టెపినీ కూడా అదే సైజుది కావాలి కదా, దాని బరువుకు వెనక డోరు కుంగింది. ఇంజన్‌కు గేర్లన్నీ బరువైనట్టు అనిపించి ఎక్కే చోట మూలగసాగింది. దానికి ముందూ వెనకా రెండు డిఫరెన్షియళ్ళలోనూ క్రౌన్ పినియన్ అనే పళ్ళచక్రాల జత మార్చాలి. రెండిట్లోనూ ఒకే నిష్పత్తి ఉండాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసిన రోజున ఒకదాన్నొకటి నమిలేసుకుంటాయి. అది వచ్చే ఏడాది బడ్జెట్.

సంతోషించదగ్గ విషయం ఒకటే. టైరు పెద్దదయ్యాక మీటరు తక్కువ చూపిస్తుంది. డెబ్భై అని చూపిస్తున్నప్పుడు నేను ఎనభైలో పోతుంటాను. నూట పధ్నాలుగు కిలోమీటర్లు తిరిగితే వందే లెక్క పడుతుంది. అంటే బండికి వయసు నెమ్మదిగా వస్తోంది. నాకు ఆ సౌకర్యం లేదు.

ఒకే ఒక్కసారి నిజంగా ఇసుకలోకి దిగాను. ఇరుక్కున్నాను. అటుగా నడిచి వెళ్తున్న ఒక పెద్దాయన ఆగి, ఒక పుల్ల తీసుకుని నాలుగు టైర్లలో గాలి సుయ్యిమని వదిలేశాడు. ముప్ఫై అయిదు పీఎస్‌ఐ నుంచి పద్దెనిమిదికో ఎంతకో. గాలి తగ్గితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుని ఇసుకలో దిగబడకుండా తేలుతుందట. బండి బయటికొచ్చింది. ఆ పని పాత టైర్లతో కూడా అయ్యేదని ఆయన అడక్కపోయినా చెప్పాడు. పుల్లతో అయ్యే పనిని అప్‌గ్రేడ్ అనరని నేను మనసులోనే అనుకున్నాను.

పోయిన వారం డెబ్భై అయిదు దాటాక ముందు చక్రాలు ఒక్కసారిగా కొట్టుకోవడం మొదలైంది. స్టీరింగ్ చేతుల్లోంచి ఊడివస్తుందేమో అన్నంత. అంతకుముందు చిన్నగా వణికినప్పుడే, స్టీరింగ్ ఊపును ఆపే డ్యాంపర్ ఒకటి వేయించి దాన్ని కప్పెట్టాను. జబ్బు మాత్రం అలాగే ఉంది. మళ్ళీ ఆ మెకానిక్ దగ్గరికే వెళ్ళాను. ఈసారి ఆయన పడుకుని దూరాల్సిన అవసరం రాలేదు. చిన్న స్టూలు వేసుకుని బండి కింద హాయిగా కూర్చున్నాడు. మా ఇద్దరి పరిచయంలో లిఫ్ట్ వల్ల ఒకరికి సుఖం కలగడం అదే మొదటిసారి.

"సార్, అన్నీ మార్చారు గానీ, బుష్‌లు పాతవే ఉంచేశారే? టై రాడ్ ఎండ్ కూడా అదే."

"మరి ఇప్పుడేం చేద్దాం?"

"రబ్బరువి ఉన్నాయి, కంపెనీవి. అవే మంచివి. పాలీయూరిథేన్‌వి కూడా వస్తాయి గానీ గట్టిగా ఉంటాయి. గ్రీజు లేకపోతే కిచకిచమంటాయి."

"వాటి రంగు?"

"ఎరుపు సార్."

బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను. కొంచెం వెనక్కి జరిగి, రోడ్డు మీద మామూలు కారులో కూర్చున్నవాడి కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు వంగి చూశాను. నాలుగంగుళాల లిఫ్ట్ పుణ్యమా అని ముందు ఆర్ముల చివర్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఎర్రవే వేయమన్నాను.