ఓవేర్ చర్చి వెనుక న్యూనెన్ గోపురం
1890 జూన్‌లో డచ్ చిత్రకారుడు వాన్ గో చిత్రించిన, ఫ్రాన్స్‌లోని ఓవేర్ గ్రామపు చర్చి గోడలు అలల్లా వంగి కనిపించడానికి ఆయన మానసిక అస్వస్థతే కారణమని ఒక వ్యాసకర్త రాసిన అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. చెల్లెలికి రాసిన ఉత్తరంలో ఆయన ముదురు కోబాల్ట్ నీలపు ఆకాశాన్ని, ఊదా ఛాయ కట్టడాన్ని, అక్కడక్కడ నారింజ రంగు తేలిన కప్పును, ఎండ పడిన గులాబీ రంగు ఇసుకను ఎంతో నిదానంగా వివరించారు. పైగా, ఇది నెదర్లాండ్స్ గ్రామమైన న్యూనెన్‌లో తాను వేసిన పాత గోపురం, శ్మశానవాటికల చిత్రాల వంటిదేననీ, రంగు మాత్రం ఇప్పుడు మరింత భావస్ఫోరకంగా ఉందనీ చెప్పారు. బతికినన్నాళ్లూ తవ్విన నేలలోనే రైతులు సమాధి అవుతారని చూపడానికి, 1885లో, తండ్రి మరణించిన కొద్ది నెలలకే, కూల్చివేతకు గురవుతున్న ఆ గోపురాన్ని ఆయన మట్టి రంగుల్లో గీశారు. ఓవేర్ చర్చిని చూసినప్పుడల్లా నాకు దాని వెనుక ఆ మసక గోపురమే కనిపిస్తుంది.