బొమ్మ తీయడం వేరు, బొమ్మకు ఫొటో తీయడం వేరు

మొన్న చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్లో కూర్చుని మా పూర్వ విద్యార్థుల సంఘం సావనీర్ ప్రూఫులు చూస్తున్నాను. 1908 సెప్టెంబరు మూసీ వరద మీద నాలుగు పేజీల వ్యాసం ఉంది. దానికి ప్రాణం వరదకు దెబ్బతిన్న వంతెన ఫొటో. ప్రూఫులో అది పూర్తిగా పగిలిపోయి, వంతెనేదో నీళ్లేవో తెలియకుండా వచ్చింది. అడిగితే ఆపరేటర్ తాపీగా "పీడీఎఫ్‌లో అంతే ఉంది సార్, మనమేం చేస్తాం" అన్నాడు. ఎలా తీశావు బాబూ అంటే చేసి చూపించాడు. పీడీఎఫ్ తెరిచి, పేజీ మొత్తం కనిపించేలా పెట్టి, స్నిప్పింగ్ టూల్‌తో ఫొటో చుట్టూ గీత గీసి, ఫొటోషాప్‌లో పేస్ట్ చేశాడు. అయిదు సెకన్ల పని.

ఆ అయిదు సెకన్లలో ఏం పోయిందో లెక్క కట్టొచ్చు. అతని మానిటర్ 1366 × 768. ఏ4 పేజీ నిలువంతా ఆ 768 పిక్సెళ్లలో ఇరుక్కోవాలి. మెనూ బార్లు పోగా మిగిలేది ఇంకా తక్కువ. అందులో ఫొటో వెడల్పుకు దక్కింది సుమారు 350. అయిదంగుళాల ఫొటో ప్రింటులో నిలబడాలంటే అంగుళానికి 300 చొప్పున 1500 కావాలి. మన దగ్గరున్నది అంగుళానికి 70. అదే ఫైల్‌ను నా లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే, ఆ ఫొటో లోపల 1840 × 1210 సైజులో జేపెగ్‌గా శుభ్రంగా ఉంది.

పీడీఎఫ్‌లోంచి బొమ్మలు తీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగేవాళ్లకు నా జవాబు ఇక్కడే మొదలవుతుంది. మార్కెట్లో ఉన్న టూల్స్ చాలావరకు చేసేది ఆ ఆపరేటర్ చేసిన పనే, కాస్త మర్యాదగా.

1993లో అడోబీ తెచ్చి, 2008లో ఐఎస్‌ఓ అంతర్జాతీయ ప్రమాణంగా మారిన ఈ ఫార్మాట్‌లో ఫొటో పేజీకి అతికి ఉండదు. ఫైల్‌లో ఎక్కడో విడిగా ఉంటుంది. ఫలానా బొమ్మను ఇక్కడ, ఇంత సైజులో పెట్టమని పేజీలో చీటీ మాత్రమే ఉంటుంది. సరుకు గోదాములో, చీటీ కౌంటర్లో అన్నమాట. జేపెగ్ ఫొటో చాలాసార్లు జేపెగ్‌గానే లోపల ఉంటుంది. గోదాములోకి వెళ్లి సరుకును ముట్టుకోకుండా బయటికి తెచ్చి ఇచ్చేదే అసలైన ఎక్స్‌ట్రాక్షన్. 'పీడీఎఫ్ టు జేపీజీ' అని బోర్డు పెట్టుకున్న టూల్స్ సాధారణంగా పేజీ మొత్తాన్ని ఒక బొమ్మగా మార్చి చేతిలో పెడతాయి. అక్షరాలతో సహా వచ్చిన ఆ పేజీలోంచి ఫొటోను మళ్లీ మనమే కత్తిరించుకోవాలి.

అందుకే ఏ టూల్ అయినా నేను ముందు చూసేది రెండు విషయాలు. లోపల ఏమేం ఉన్నాయో జాబితా చూపిస్తుందా? తీసేటప్పుడు మళ్లీ కంప్రెస్ చేయకుండా ఇస్తుందా? ఈ రెండింట్లో పాప్లర్ అనే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీతో వచ్చే 'పీడీఎఫ్‌ఇమేజెస్' అనే ఉచిత టూల్‌ను మించింది నాకు తగల్లేదు. దానికి మెనూలు, బటన్లు ఉండవు, నల్ల తెర మీద కమాండ్ కొట్టాలి. మన డీటీపీ సెంటర్లలో ఆ నల్ల తెర చూస్తే వైరస్ వచ్చిందని టెన్షన్ పడేవాళ్లున్నారు. కానీ 'లిస్ట్' ఆప్షన్ ఇస్తే ఏ పేజీలో ఏ బొమ్మ, ఎన్ని పిక్సెళ్లు, పేజీ మీద అంగుళానికి ఎన్ని పడుతున్నాయి, ఏ పద్ధతిలో కంప్రెస్ అయింది, అంతా వరసగా చెప్పేస్తుంది. తీయడానికి 'ఆల్' ఆప్షన్ ఇవ్వాలి, అప్పుడు జేపెగ్ జేపెగ్‌గానే వస్తుంది. లేకపోతే పీపీఎం అనే బండ ఫైళ్లు వచ్చి డిస్క్ నింపుతాయి. మ్యూపీడీఎఫ్ అనే ఇంకో ప్యాకేజీతో వచ్చే 'మ్యూటూల్' కూడా ఇదే కోవకు చెందింది.

కమాండ్లు వద్దనుకునేవాళ్లకు విండోస్‌లో పీడీఎఫ్24 క్రియేటర్ లాంటివి ఇంటర్నెట్ లేకుండానే, ఉచితంగా పని చేస్తాయి. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ కోసం అడోబీ క్రియేటివ్ క్లౌడ్ పూర్తి ప్యాక్‌కు చందా కడుతున్న ఆఫీసులకు ఆక్రోబాట్ ప్రో అందులోనే వస్తుంది. బొమ్మలన్నీ ఒకేసారి ఎక్స్‌పోర్ట్ చేసే సదుపాయం దానికుంది. నెలకు రెండు ఫైళ్లు వచ్చేవాళ్లు దానికోసం విడిగా డబ్బు పెట్టడం దండగ.

సరైన టూల్ పట్టుకున్నా చిక్కులు తప్పవు. సంస్థ లోగో తీస్తే చుట్టూ నల్లటి చదరం వస్తుంది, పక్కనే తెలుపు నలుపుల్లో ఇంకో బొమ్మ పడుతుంది. ఆ రెండోది మాస్క్, అంటే బొమ్మలో ఏ భాగం కనపడాలో ఏది పారదర్శకంగా ఉండాలో చెప్పేది. ఫొటోషాప్‌లో రెండూ కలిపితే గానీ లోగో పూర్తవదు. ప్రెస్ కోసం నాలుగు ఇంకుల పద్ధతిలో (సీఎంవైకే) చేసిన ఫొటోలు కొన్ని వ్యూయర్లలో నెగటివ్‌లా కనిపిస్తాయి. కొన్ని ఫైళ్లలో ఒకే ఫొటో పది పన్నెండు అడ్డ ముక్కలుగా వస్తుంది. ఇక గీతలతో వేసిన మ్యాపులు, గ్రాఫులు జాబితాలోనే కనపడవు. అవి బొమ్మలు కావు, గీతల లెక్కలు. వాటిని గీతల బొమ్మలు వేసే ఇంక్‌స్కేప్‌లో తెరవాలి, లేదా ఆ పేజీని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో, బొమ్మగా మార్చుకోవాలి. అక్కడ మాత్రం పేజీకి ఫొటో తీయడమే సరైన పని.

పాత తెలుగు పత్రికల స్కాన్‌లతో పని చేసేవాళ్ల సంగతి వేరు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకో, సుల్తాన్‌బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికో వెళ్లే ఓపిక లేని రోజున అందరం పాత పుస్తకాల స్కాన్‌లు దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్ మీద పడతాం. అక్కడి పీడీఎఫ్ చాలాసార్లు పేజీని పొరలుగా విడదీసి దాచుకుంటుంది. అక్షరాలు ఒక పొరలో పదునుగా ఉంటాయి, కాగితం రంగు, ఫొటోలు ఇంకో పొరలో తక్కువ రిజల్యూషన్‌తో ఉంటాయి. ఫైల్ చిన్నదవడానికి ఈ ఏర్పాటు. దీంట్లోంచి బొమ్మలు తీస్తే పేజీకి రెండు మూడు వస్తాయి, ఒక్కటీ పేజీలా ఉండదు. ఫొటో ఉన్న పొర మంచు పట్టిన అద్దంలా ఉంటుంది. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌ను తిట్టి లాభం లేదు. ఆ పుస్తకం డౌన్‌లోడ్ జాబితాలో జేపీ2 అనే బొమ్మ ఫైళ్ల జిప్ ఉందేమో చూడాలి. స్కాన్ బొమ్మలనే అప్‌లోడ్ చేసిన పుస్తకమైతే మంచి ఫొటో అందులో దొరుకుతుంది. బరువు ఎక్కువే, రాత్రి పెట్టి పడుకోవాలి. ఇలాగే, ఎవరైనా వర్డ్ ఫైల్‌ను పీడీఎఫ్ చేసి పంపితే నేను అసలు ఫైల్ అడుగుతాను. వర్డ్ తాలూకు డాక్స్ (.docx) ఫైల్ పేరు చివర జిప్ (.zip) అని మార్చి తెరిస్తే 'మీడియా' అనే ఫోల్డర్లో ఫొటోలన్నీ ఉంటాయి.

ఆన్‌లైన్ సైట్ల గురించి ఒక మాట. వరద ఫొటోను అప్‌లోడ్ చేస్తే కొంప మునిగేదేం లేదు. కానీ అదే సెంటర్లో నా ముందే ఒకాయన ఈ-ఆధార్‌లోంచి తన ఫొటో తీయమన్నాడు. కుర్రాడు ఏదో సైట్‌లో ఫైల్ పెట్టి పాస్‌వర్డ్ కొట్టాడు. ఆ పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఫైలూ తాళం చెవీ రెండూ కలిపి ఎవరికో అప్పగించినట్టే. గంటల్లో డిలీట్ చేస్తామని సైట్ రాస్తుంది. చేస్తుందేమో కూడా. ఆఫ్‌లైన్‌లో అదే పని ఉచితంగా అవుతున్నప్పుడు అంత నమ్మకం పెట్టాల్సిన అవసరం నాకు కనపడలేదు.

కాపీరైట్ అంటారా, మన చట్టంలో 2012 సవరణకు ముందు ఫొటోకు ప్రచురించిన తర్వాత 60 ఏళ్లు ఉండేది, ఇప్పుడు తీసినవాళ్ల జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. 1908 నాటి వరద ఫొటోల్లో అప్పట్లోనే అచ్చైనవాటికి పాత లెక్కలోనే గడువు తీరిపోయింది కాబట్టి ఆ బెంగ లేదు.

వంతెన ఫొటోను మళ్లీ తీసి ఆపరేటర్‌కు వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "సార్, ఇదీ చిన్నగానే వచ్చింది." నేనే తొందరలో ఫొటోగా పంపేశాను, వాట్సాప్ తన పని తాను చేసుకుపోయింది. రెండోసారి డాక్యుమెంట్‌గా పంపాను. కొత్త ప్రూఫులో వంతెన గోడకు ఆనుకుని నిలబడ్డ మనుషులు కనిపించారు. వాళ్లు అక్కడున్నారని వ్యాసం రాసినాయనకు కూడా తెలీదు.