వంట నష్టానికి దరఖాస్తు

కావలిలో ఒక నెట్ సెంటర్. అక్కడి పదిహేను అంగుళాల పాత మానిటర్‌కు అడ్డంగా 1024 చుక్కలు, నిలువుగా 768. మొన్న దాని మీద తెరిచిన ఒక దరఖాస్తు వెబ్‌సైటు ముందు కూర్చున్న పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "వంట నష్టానికి కూడా పరిహారం ఇస్తారా, బాబూ?" అని అడిగాడు. "అది పంట, తాతా" అన్నాడు కుర్రవాడు. "పోనీలే, రెండూ రాసుకో. మా ఇంట్లో రెండూ ఉన్నాయి."

ఇందులో వెబ్‌సైటు చేసినవారి తప్పేమీ లేదని మనవి. తప్పంతా మన లిపిది. వ తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది, ప తలకట్టు కాస్త ఎడంగా నిలబడుతుంది. 14 పిక్సెళ్ల, అంటే 14 తెర చుక్కల అక్షరంలో ఆ ఎడం మహా అయితే ఒక చుక్క. అంచులు నునుపు చేయబోయి కంప్యూటర్ ఆ చుక్కలో బూడిదరంగు పూస్తుంది. ఆ సైటులో అక్షరమే లేత బూడిదరంగు కనుక ఇక సందేది, గీతేది? పంట వంటయింది. పేరు అడగవలసిన గడి వేరు అడుగుతోంది.

బటన్లకు మాత్రం రామభద్ర ఫాంటు పెట్టారు. శీర్షికలకూ పోస్టర్లకూ గీసిన లావుపాటి ఫాంటు అది. రాయలవారి కొలువులోని కవి పేరు పెట్టుకున్న అంత పెద్దమనిషిని గోరంత బటన్‌లో కుక్కితే ఊపిరాడక వత్తులన్నీ ముద్దయ్యాయి. వరుసల మధ్య జాగా ఇంగ్లీషు లెక్కన వదిలారు. ఇంగ్లీషు అక్షరానికి కాళ్ల కింద వేలాడే సంసారం లేదు. మనకు 'రాష్ట్రం' అనగానే రెండు వత్తులు దిగాలి. పై వరుస వత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంది.

1996లో వచ్చిన వెర్డానా అనే ఇంగ్లీషు ఫాంటుకు, దాన్ని రూపొందించిన మాథ్యూ కార్టర్ ముందు తెర మీది చుక్కలతో అక్షరాలు పేర్చుకుని, ఆ తరువాతే వాటి చుట్టూ గీతలు గీశాడు. జనం దేని మీద చదువుతారో ముందుగా చూసుకునే చాదస్తం ఆ తరానికి ఉండేది. మన తాతలదీ అదే వరస. తాటాకు మీద గంటంతో గీసి ఊరుకోక, గాడి నల్లగా తేలాలని మసి పూసేవారు. మసికి బదులు లేత బూడిద పూసి ఉంటే, నెల్లూరు తిక్కన చెప్పిన పదిహేను పర్వాలూ అరణ్యపర్వ శేషంతో పాటు ఎర్రన నెత్తినే పడేవి.

విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, విండోస్ 7తో వచ్చిన వాణి అనే తెలుగు ఫాంటులు ఆయా కంప్యూటర్లలో ఊరికే కూర్చుని ఉన్నాయి. నెట్ నుంచి దించుకునే పని లేదు, పైసా ఖర్చు లేదు. పిలవకుండా వచ్చే చుట్టాన్ని ఎవరు ఖాతరు చేస్తారు? కొత్త ఫాంటు దిగేదాకా పేజీ తెల్లగా మెరుస్తుంది. ఆ కాసేపూ చదవడంలో తప్పు దొర్లే అవకాశమే లేదు.

కావలి కుర్రవాడు చివరికి పేజీని రెండింతలు పెద్దది చేశాడు. అక్షరాలు విచ్చుకున్నాయి, 'సమర్పించు' బటన్ తెర దాటి వెళ్లిపోయింది.

"పంట కనిపిస్తోంది బాబూ," అన్నాడు పెద్దాయన, "నొక్కేదెక్కడ?"