స్వీట్లు తర్వాత పంచుకోవచ్చండి

అమెరికాలో ఉంటూ సంక్రాంతికి ఊరెళ్ళిన వాళ్ళలో చాలామంది ముక్కనుమ సాయంత్రం అమలాపురం అవతల కాలవగట్టు మీదున్న ఫంక్షన్ హాల్లో మన సంఘం పెట్టిన సభకి వచ్చారు కాబట్టి అక్కడ ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పక్కర్లేదు. శాలువాలు కప్పడం అయింది, దాతలకి మెమెంటోలు అయ్యాయి, జగ్గన్నతోట ప్రభల వీడియో తెర మీద వేశారు, గంగలకుర్రు ప్రభని కౌశిక నీళ్ళలోంచి దాటిస్తుంటే హాలంతా లేచి నిలబడింది, నాక్కూడా ఒళ్ళు పులకరించింది. ఆ తర్వాత "కొత్తగా అమెరికా వెళ్ళిన పిల్లలు మాట్లాడండమ్మా" అని మైకు తిప్పారు.

వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. పెళ్ళయి నాలుగేళ్ళు, హెచ్4 మీద ఉంది, అంటే హెచ్1 ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యాభర్తలకిచ్చే వీసా, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ ఇంకా వాలిడ్‌గా ఉంది కాబట్టి పండక్కి ధైర్యంగా వచ్చింది. "అండీ, నాకు పోయిన నెల్లో ఈఏడీ వచ్చిందండి. వెళ్ళాక ముందు ఏం చెయ్యాలో ఎవరైనా చెప్తారాండి?" అంది. ఈఏడీ అంటే అమెరికాలో పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు. మైకు దగ్గరున్నాయన "ముందు అందరికీ స్వీట్లు పంచాలమ్మా!" అన్నారు. హాలు నవ్వింది. ఆయన మంచివారే, చెడ్డ ఉద్దేశంతో అనలేదు, నాకు తెలుసు. కానీ ఆ నవ్వులు ఆగేలోపే పాట మొదలైపోయింది, పిల్లలు డాన్సుకి వచ్చేశారు, ఆ పిల్ల ఇంకా మైకు పట్టుకునే నుంచుంటే ఎవరో వచ్చి చేతిలోంచి తీసుకెళ్ళారు. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు అమెరికాలో ఉన్నవాళ్ళం ఆ హాల్లో తక్కువలో తక్కువ నలభై మందిమి ఉన్నాం. ఒక్కళ్ళం లేవలేదు. నేనూ లేవలేదు. అది నన్ను అప్పట్నుంచీ నిద్రపోనివ్వట్లేదు, అందుకే ఇది రాస్తున్నా.

భోజనాల దగ్గర ఇంకోటి చూశాను. నాకు తెలియనాయన ఒకాయన ఆ అమ్మాయి పక్కకి వచ్చి విజిటింగ్ కార్డు ఇచ్చి, ఏడేళ్ళ ఎక్స్‌పీరియన్సు రెజ్యూమేలో మేం పెడతాం, ట్రైనింగుకి రెండు వేల డాలర్లు, ఇంటర్వ్యూ టైములో మావాళ్ళు పక్కనుంటారు, ముందు మీ ఈఏడీ ఫొటో వాట్సాప్ చెయ్యండి చాలు అంటున్నాడు. ఆ పిల్ల ఎమ్మెస్సీ బీఈడీ చేసి రెండేళ్ళు రావులపాలెంలో పాఠాలు చెప్పింది, ఈయన చెప్పే సాఫ్ట్‌వేర్ టెస్టింగు పేరు కూడా ఎప్పుడూ విననట్టుంది, కంచం పట్టుకుని బుద్ధిగా తలూపుతోంది. పనసపొట్టు కూర వడ్డిస్తున్న ఆవిడ ఆయన వెళ్ళేదాకా ఆగి, "అమ్మాయిగోరూ, మీ అమెరికా సంగతి నాకు తెలీదండి. నేను కువైట్లో పదకొండేళ్ళు చేసొచ్చాను. కాగితం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. మొదటేడు పాసుపోర్టు ఇచ్చేసి రెండేళ్ళు ఏడ్చానండి. ఆయ్" అంది, గరిటె తీసుకుని పక్క విస్తరి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ హాల్లో ఆ పిల్ల అడిగినదానికి జవాబు చెప్పింది ఆవిడొక్కతే.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ వీధికెళ్ళినా కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు కనిపిస్తారు. ఆకామా, అంటే అక్కడుండే అనుమతి, ఎప్పుడు కొట్టించాలి, బతాకా, అంటే గుర్తింపు కార్డు, చేతికి రాకపోతే ఎవర్ని నిలదియ్యాలి, ఏ ఏజెంటు మంచోడు, ఎవడు విజిటింగ్ వీసా అంటగట్టి పంపేస్తాడు, ఇవన్నీ బస్సుకోసం నుంచున్నప్పుడు కూడా ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు. వాళ్ళ కోసం 1983లోనే ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది, ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరైన ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి ముప్పై ఏళ్ళు నిండాలన్న రూలు ఉంది, ప్రభుత్వం నడిపే రిక్రూటింగ్ ఏజెన్సీ ద్వారానే వెళ్ళాలి. అయినా మోసాలు ఆగలేదు, చట్టం ఆపలేని చోట ఆ ఆడవాళ్ళ నోటిమాటే ఎంతోమందిని కాపాడింది. చదువుకున్న మనం ఆ పాటి కూడా చెయ్యట్లేదు. గల్ఫ్ ఏజెంటుని తిడతాం, మన హాల్లో విజిటింగ్ కార్డు పంచేవాడికి మాత్రం భోజనం పెట్టి స్పాన్సరు బ్యానరు కడతాం. ఇద్దరూ చేసేది ఒకటే పని కదండీ, తెలియనివాళ్ళ భయాన్ని అమ్ముకోవడం.

నా సంగతి చెప్తాను. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయిన హెచ్1 వాళ్ళ భార్యాభర్తలకి పని చేసుకునే వీలు 2015 మే 26 నుంచి వచ్చింది. నాకు 2016 ఆషాఢంలో కార్డు వచ్చింది. ఎనిమిదేళ్ళు వంటింటి కిటికీలోంచి స్కూలు బస్సు చూస్తూ కూర్చున్నదాన్ని, ఆ కవరు చింపినప్పుడు చేతులు వణికాయి. అమ్మకి ఫోన్ చేస్తే, "ఆషాఢం తల్లీ, దేవుడి దగ్గర పెట్టు, ఎవరికీ చెప్పకు దిష్టి తగులుద్ది, శ్రావణ శుక్రవారం చూసి వెళ్దువుగాని" అంది. అమ్మ మాట ఎప్పుడు కాదన్నాను? కార్డుకి కుంకుమ బొట్టు పెట్టి లక్ష్మీదేవి పటం ముందు పెట్టాను, రోజూ దండం పెట్టుకున్నాను. మూడు వారాలు. దాన్ని ఒక్కసారి కూడా చేతిలోకి తీసుకుని చదవలేదు.

శ్రావణంలో, ఉద్యోగానికీ టాక్సులకీ కావాల్సిన నంబరు కోసం సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకెళ్తే కౌంటర్లో ఆవిడ కార్డూ పాస్‌పోర్టూ పక్కపక్కన పెట్టి చూసి, నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించింది. ఇంటిపేరులో ఒక అక్షరం లేదు. మనవాళ్ళ ఇంగ్లీషు స్పెల్లింగుల్లో 'ద' పక్కన 'హెచ్' ఉంటుంది చూడండి, ఆ హెచ్. ఫారం నింపేటప్పుడు మా ఇంట్లోనే జరిగిన పొరపాటు. వాళ్ళ తప్పయితే ఊరికే సరిచేసిస్తారు, మన తప్పయితే మళ్ళీ అప్లై చెయ్యాలి, మళ్ళీ ఫీజు కట్టాలి, అప్పట్లో 380 డాలర్లు. సరైన కార్డు వచ్చేసరికి నవంబరు. సెప్టెంబర్లో చేరమన్న డేకేర్ వాళ్ళు ఎంతకాలమని ఆగుతారు, వేరేవాళ్ళని తీసుకున్నారు.

మా నాన్నగారు అంబాజీపేట దగ్గర పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరు. పోస్టాఫీసంటే మా ఇంటి అరుగే. కొబ్బరి దింపు కూలీలు, పీచు మిల్లులో చేసేవాళ్ళు, మస్కట్ నుంచి కూతురు పంపిన డబ్బు కోసం వచ్చే ముసలమ్మలు, అందరికీ ఫారాలు ఆయనే నింపేవారు. చదువురానివాళ్ళకి కూడా వాళ్ళ పేరు అక్షరం అక్షరం పైకి చదివి వినిపించి "ఇదేనా నీ పేరు?" అని అడిగి, వాళ్ళు ఊఁ అన్నాకే వేలిముద్ర వేయించేవారు. "పేరు ముందు చూసుకో, డబ్బు తర్వాత చూసుకుందువుగాని" అనేవారు. ఆయన కూతుర్ని నేను. ఫోన్లో విషయం చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా "కార్డు చదువుకోలేదా అమ్మా?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బొట్టు పెట్టుకోండి, దేవుడి దగ్గర పెట్టుకోండి, నేను కాదనట్లేదు. అంతకన్నా ముందు కవరు చింపిన నిమిషంలో లైటు కింద నుంచుని చదవండి: ఇంటిపేరు, పేరు, పుట్టినరోజు, కేటగిరీ, మొదలయ్యే తేదీ, అయిపోయే తేదీ. మన పేర్లతో ఇబ్బంది ఎక్కువ. పాస్‌పోర్టులో ఒకే గడిలో మొత్తం పేరు పడిపోతే ఇక్కడి కాగితాల్లో ఇంకో గడిలో ఎఫ్ఎన్‌యూ, అంటే 'మొదటి పేరు తెలియదు', అని వస్తుంది, ఆ మూడక్షరాలు ప్రతి కౌంటరు దగ్గరా అడ్డం పడతాయి.

ఇప్పుడు సోషల్ నంబరు కూడా ఈఏడీ ఫారం ఐ-765లోనే అడగొచ్చు, అడిగుంటే కార్డు వేరే పోస్టులో ఇంటికే రావచ్చు. రెండు వారాలైనా రాకపోతే, లేదా ఆ గడి టిక్కు పెట్టకపోతే, ఆఫీసుకెళ్ళాలి. దానికి ఫీజు లేదు, ఎవరైనా డబ్బులడిగితే మోసమే. ఇంకోటి చాలామందికి తెలీదు, నంబరు చేతికి రాలేదని ఉద్యోగం ఆపుకోనక్కర్లేదు, అప్లై చేసి పనిలో చేరొచ్చు. చేరిన రోజున, పని చేసే అనుమతి ఉందని చూపించే ఐ-9 ఫారంలో మన భాగం నింపాలి, మూడు పనిరోజుల్లోపు కంపెనీ వాళ్ళు మన కాగితం చూడాలి, దానికి ఈఏడీ ఒక్కటీ సరిపోతుంది, పాస్‌పోర్టు కూడా తే, వీసా కూడా తే అని పట్టుబట్టే హక్కు వాళ్ళకి లేదు. ఇన్నాళ్ళూ ఐటిన్, అంటే సోషల్ నంబరు లేనివాళ్ళకిచ్చే టాక్సు నంబరు, మీద టాక్సులు వేసుంటే ఇక అది ఆపేసి, సోషల్ వచ్చిందని టాక్సుల శాఖ ఐఆర్‌ఎస్‌కి ఉత్తరం రాయాలి. జీతంలో టాక్సు ఎంత పట్టాలో చెప్పే డబ్ల్యూ-4 ఫారంలో ఇద్దరూ పనిచేస్తున్నామని చెప్పే గడి ఉంటుంది, అది వదిలేస్తే ఏప్రిల్లో కట్టాల్సింది చూసి గుండె ఆగినంత పనవుతుంది. జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి 6.2, మెడికేర్‌కి 1.45 శాతం పోతుంది, చేతికొచ్చేదాన్ని చూసి లెక్కేసుకోండి, ఆఫర్ లెటర్లో అంకె చూసి కాదు. చదువయ్యాక పని చేసుకునే ఓపీటీ అనుమతి మీదున్న పిల్లలూ, మీకు కార్డు మీద తేదీ రాకముందు ఒక్క రోజు కూడా పని చెయ్యకూడదు, ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి గడపకూడదు.

రెన్యూవల్ సంగతి కూడా మొదటి రోజే కాలెండర్లో రాసుకోండి. గడువుకి 180 రోజుల ముందు నుంచీ వేసుకోవచ్చు. ఇదివరకు అప్లై చేసి పెడితే పాత కార్డు మీద పని సాగిపోయేది, 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యూవల్స్‌కి ఆ సదుపాయం తీసేశారు. కొత్త కార్డు చేతికి రాకపోతే గడువు తేదీతో పని ఆపాల్సిందే.

రెజ్యూమేలో లేని ఏళ్ళు పెట్టించుకోకండి, దండం పెట్టి చెప్తున్నా. ఆ అబద్ధం రేపు గ్రీన్ కార్డు ఫైల్లోకి ఎక్కితే అది ప్రభుత్వానికి చెప్పిన అబద్ధం అవుతుంది, అప్పుడు ఇంటిల్లిపాదికీ ముప్పు. హెచ్4 ఈఏడీ ఉన్నవాళ్ళకి స్పాన్సరు అక్కర్లేదు, ఏ యజమాని దగ్గరైనా చెయ్యొచ్చు, సొంతంగా కూడా చేసుకోవచ్చు. మరి మధ్యలో ఎవరికో ఎందుకు ఇవ్వాలి? ఆ అమ్మాయి బీఈడీ డిగ్రీని ఇవాల్యుయేషన్‌కి పంపించి స్కూల్లో సబ్‌స్టిట్యూట్ టీచరుగా మొదలుపెట్టొచ్చు. ఆ మాట చెప్పేవాళ్ళే ఆ హాల్లో లేకపోయారు.

ఎందుకు చెప్పమంటే, నాకు అనిపించేది చెప్తాను, కోప్పడకండి. మన గోదావరి మర్యాద గురించి ఎంత గొప్పగా చెప్పుకుంటాం, ఆకులో ఖాళీ కనపడనివ్వం, పూతరేకులు చేతిలో పెట్టందే గుమ్మం దాటనివ్వం. కానీ కాగితాల విషయం వచ్చేసరికి నోరు కట్టేసుకుంటాం. దిష్టి అంటాం. నిజానికి సగం దిష్టి భయం, సగం మనకి తెలిసింది వాళ్ళకీ తెలిస్తే మనకంటే ముందెళ్ళిపోతారేమో అన్న బాధ. నాలో కూడా అది ఉంది, 2016లో నా కార్డులో తప్పు జరిగిన సంగతి పదేళ్ళు బయటెవరికీ చెప్పలేదు. చెప్పుంటే ఇంకో నలుగురు చూసుకునేవాళ్ళు కదా.

కమిటీలో ఉన్నవాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. మనం లాయర్లం కాదు, తప్పు సలహా ఇస్తే మాటొస్తుంది, అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో కుర్చీలు మోస్తున్నవాళ్ళే. స్పాన్సర్లు లేకపోతే హాలు అద్దె కూడా పుట్టదు. అన్నీ నిజమే. కేసు చిక్కుగా ఉంటే లాయరు దగ్గరికే పంపుదాం. కానీ కార్డు మీద పేరు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి లాయరు అక్కర్లేదండి, కళ్ళజోడు చాలు. రెండు వేలు కట్టకమ్మా అని చెప్పడానికి కమిటీ తీర్మానం అక్కర్లేదు.

ఆ అమ్మాయి నంబరు ఆ రోజు చెయ్యి కడుక్కునే చోట తీసుకున్నాను. పోయిన వారం ఫోన్ చేసింది, సోషల్ కార్డు వచ్చిందట. ఆ విజిటింగ్ కార్డు ఇచ్చినాయనకి డబ్బులేమీ కట్టలేదు. పేరు చదవమన్నాను. ఒక్కో అక్షరం చదువుతుంటే పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా అని ప్రతిదానికీ అడిగాను, ఉంది పిన్నిగారూ, ఉంది అంటూ వచ్చింది.

అందుకని నేనడిగేది పెద్ద కోరిక కాదు. వచ్చే ఉగాదికి రిజిస్ట్రేషన్ టేబులు పక్కన ఇంకో టేబులు వెయ్యండి. దానికి అరుగు అని పేరు పెట్టండి, పెట్టకపోయినా పర్లేదు. నాలుగు కుర్చీలు, ఒక ప్లగ్ పాయింటు. స్పాన్సర్ల స్టాల్సుకి కాస్త దూరంగా ఉండాలి, అదొక్కటీ మాత్రం గట్టిగా అడుగుతున్నా. పదిన్నర నుంచి భోజనాలయ్యేదాకా నేను అక్కడే కూర్చుంటాను. టాక్సుల సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు, టీచరు లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు, నర్సు పరీక్ష రాసినవాళ్ళు ఎవరైనా పక్క కుర్చీలో ఒక గంట కూర్చోండి. కొత్తగా ఈఏడీ వచ్చినవాళ్ళు మీ కార్డూ పాస్‌పోర్టూ తెచ్చుకోండి, మీ చేతిలోనే పట్టుకుని చూపించండి, నాకు కూడా ఇవ్వక్కర్లేదు.