కుక్కగారి మేత అలవాటుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ మేత అలవాటు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమని పొద్దున్నే బంతి మొక్కల వరస చూడగానే రూఢి అయింది.

కాపలాకి పెట్టుకున్న జీవే తోట మేస్తోంది గనక, కంచె చేను మేసిందని నిట్టూర్చి ఊరుకోవచ్చు. కానీ తమరి మీద పాత అపనింద ఒకటి ఉంది: కడుపు బాగోకే కుక్క పచ్చిగడ్డి తింటుందట. 2008లో అచ్చయిన ఒక అమెరికా సర్వేలో, తినే ముందు తమ కుక్క నలతగా ఉండేదన్న యజమానులు కొద్దిమందే. తిన్నాక తరచూ కక్కుతుందన్నవాళ్లు నాలుగో వంతు కూడా లేరు. వైద్యమనే వంక కూడా పోయింది, పాపం.

మందు కొట్టని గడ్డి వరకైతే తమరికి దఖలు రాసిచ్చేస్తాం. చిక్కల్లా గన్నేరుతోనే. ఆకు, పువ్వు, కొమ్మ, ఏది నమిలినా గుండె లయ తప్పుతుంది. చిన్న ఈతచెట్టులా కనపడే సైకస్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గింజలైతే మరీను. మచ్చల ఆకుల కుండీ మొక్క డీఫెన్‌బేకియా కొరికితే నోరంతా మంట, ఆగని చొంగ. అందానికని ఇవన్నీ నాటి, లోకాన్ని నోటితోనే పరీక్షించే ప్రాణిని వాటి మధ్య వదిలిన మనుషుల తెలివికి తమరు లోలోపల నవ్వుకుంటూనే ఉంటారు.

ఆపైన ఎముకల పొడి ఎరువు! మొక్క మొదట్లో ఎముకల వాసన పాతిపెట్టి, తవ్విందని కుక్కని తిట్టడం. ఆ పొడి ఎక్కువగా తింటే పొట్టలో ముద్దకట్టి అడ్డుపడుతుంది కూడా.

ఇక తమరికి వేసే శిక్షలు. కారం చల్లుతారు. మంట కుక్క కళ్లకి, తుమ్ములు చల్లినవాళ్లకి, తమరికి మాత్రం ఏమీ కాదు. లేదా మేత అయిన గంటకి తీరిగ్గా వచ్చి, విరిగిన కొమ్మ చూపించి కేకలేస్తారు. కుక్క చెవులు వాల్చగానే తప్పు ఒప్పుకుందని సంబరం. అది భయపడింది ఎదురుగా ఉన్న కోపానికి. ఎప్పుడో నమిలిన కొమ్మ సంగతి దానికేం తెలుసు?

తమరికి నిజంగా గిట్టనివి వేరే. ఒళ్లు అలిసేదాకా నడక, నమలడానికి సొంత బొమ్మ, "వదిలెయ్" అనగానే వదిలితే చేతిలో తాయిలం, మడి చుట్టూ దూకలేనంత కంచె. వీటికి ఓపిక కావాలి. కారానికి అక్కర్లేదు, అందుకే దానికంత గిరాకీ.

తమరు విషపు మొక్క మీద నోరు పెట్టిన రోజున మాత్రం మర్యాదలు ఉండవు. నోట్లో మిగిలింది తీసేస్తాం, మొక్క ముక్కో ఫోటోనో దగ్గర పెట్టుకుని వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేస్తాం. సొంత వైద్యంగా ఉప్పునీళ్లు తాగించి కక్కించం, ఆ ఉప్పే ప్రాణం మీదికి తేగలదు. లక్షణాలు కనపడేదాకా చూద్దామనీ కూర్చోం.

ఇట్లు,
మిగిలిన మొక్కల తరఫున

తా.క.: ఎముకల పొడి మూట అటకెక్కింది. నిచ్చెన కోసం వెతకవద్దని మనవి.