డ్రైవర్‌లో తిష్ట వేసిన డేటా రేస్ గారికి

మహారాజశ్రీ డేటా రేస్ గారికి,

రెండు సీపీయూలు ఒకే డేటాను ఒకేసారి తాకితే పుట్టే బగ్ మహాశయా, నా నెట్‌వర్క్ కార్డ్ డ్రైవర్‌లో తమరు క్షేమమేనని వాచ్‌డాగ్ (ప్యాకెట్లు పంపే క్యూ కదలకపోతే అరిచే లినక్స్ కెర్నెల్ కాపలాదారు) ద్వారా తెలిసింది. మధ్యాహ్నమంతా తమ కోసమే కాచుకుని కూర్చున్నాను. కోర్లన్నిటి మీదా ట్రాఫిక్ కుమ్మించినా రాలేదు. ఇక లాభం లేదని లేవబోతుంటే అప్పుడు వచ్చారు: ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్, వెనకే కార్డ్ రీసెట్.

తమ పద్ధతి తెలియక కాదు. ఒక సీపీయూ మీద ప్యాకెట్లు పంపే కోడ్ రింగ్ (కార్డ్‌కి ఇచ్చే ప్యాకెట్ల పట్టిక) నిండిందని చూసి క్యూ ఆపబోతుంది. సరిగ్గా అప్పుడే ఇంకో సీపీయూ మీద న్యాపీ పోల్ (కార్డ్ పంపేసిన ప్యాకెట్లను సర్దే కోడ్) వచ్చి, పని అయిపోయిన డిస్క్రిప్టర్లన్నీ (రింగ్‌లోని గడులు) ఖాళీ చేసి, క్యూ ఆగి ఉందా అని చూస్తుంది. ఆగలేదుగా, లేపేదేముంది అని తన దారిన పోతుంది. ఆ మరుక్షణమే ఇవతల క్యూ ఆగిపోతుంది. రింగ్ నిండా చోటే, క్యూ మాత్రం కదలదు, లేపాల్సినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు.

అదీ పోనీ. నా కడుపుమంట వేరు. ఏం జరుగుతోందో చూద్దామని ఒక్క ప్రింట్‌కే (కెర్నెల్ లాగ్‌లో ఒక లైన్ రాసే పిలుపు) పెడితే చాలు, తమరు మాయం! అది తినే కాస్త సమయానికే రెండు సీపీయూల వరస మారిపోతుందట. తీసేస్తే మళ్లీ ప్రత్యక్షం. డీబగ్ బిల్డ్‌లో బుద్ధిమంతులు, అసలు బిల్డ్‌లో రౌడీలు. ఫిర్యాదు చేసినవాళ్లతో "మా దగ్గర రావట్లేదండీ" అని నా నోటితో చెప్పించావు చూడు, సిగ్గుండాలి నీకు.

2020లో 5.8 కెర్నెల్‌తో వచ్చిన కేసీశాన్ (కెర్నెల్‌లో డేటా రేస్‌లు పట్టే పరికరం) నిన్ను పట్టిస్తుందనుకుంటే, అందరూ దాని నోరు మూయించడానికి రీడ్ వన్స్ (ఒక్కసారే చదవమని కంపైలర్‌కి చెప్పే గుర్తు) అద్దేసి పోతున్నారు. హెచ్చరిక పోతుంది, క్యూ మాత్రం ఆగుతూనే ఉంటుంది. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల రకం) మీద బ్యారియర్లు (చదవడం, రాయడం వరస తప్పకుండా చూసే సూచనలు) దండగ అనే పెద్దమనుషులు ఇంకో రకం. రాసిన వెంటనే మెమరీలో వేరే చోట చదివితే అక్కడా వరస తప్పుతుందని ఎన్నిసార్లు చెప్పాలి?

క్యూ ఆపాక ఒక ఫుల్ బ్యారియర్, రింగ్‌లో చోటుందేమో మళ్లీ ఒక చూపు, ఉంటే లేపడం. అవతల పోల్‌లో, ఖాళీ చేసినట్టు రాశాక, క్యూ ఆగిందా అని చూసే ముందు దానికి జోడీ బ్యారియర్. ఇంతే నీ మందు. కోడ్ కంటే దాని మీది కామెంటే పొడుగు.

ఆ ప్యాచ్ పంపితే రివ్యూలో ఏమన్నారో తెలుసా? "ఇది నిజంగా జరుగుతుందా, చూపించగలరా?" అని. వాచ్‌డాగ్ లాగ్ పెడితే, హార్డ్‌వేర్ వేలాడినా అదే వస్తుందిగా అన్నారు. కాబట్టి మహాప్రభో, ఇన్నాళ్లూ పిలవకుండానే వచ్చావు. ప్రింట్‌కేలన్నీ పీకేశాను, బిల్డ్ కూడా నీకు నచ్చినదే పెట్టాను. దయచేసి ఒక్కసారి రా.